ఇరవై రెండు తట్టలు

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూచోని మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ముందు తలుపు పక్కనున్న కమ్మీకి నడుము ఆనించి, మోకాళ్ళు కొంచెం వదులు చేసి నిలబడేవాడు. గుంటలో పడి బస్సంతా ఎగిరినా ఆయన కదిలేవాడు కాదు. "కూచోండి కండక్టరప్పా" అంటే, "కూచుంటే యాడ దిగల్లనో మర్చిపోతా మా" అనేవాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగే బస్సుల్లోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. మా దగ్గరికి వచ్చేసరికి రిటైరయ్యాడు గానీ ఆ నడుము మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఈ మూడు ఊళ్ళలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

ఈ మాఘంలో ఆయన పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను స్కూల్లో పిల్లల హాజరు ఫోన్‌లోకి ఎక్కిస్తున్నాను. మాట్లాడటం అయ్యాక, నెట్‌వర్కు వచ్చేదాకా ఆగి, మిగిలిన పేర్లు కూడా ఎక్కించాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ వెంటనే రావడం లేదు, అలసట తప్ప. అది పిలవకపోయినా వచ్చి కూచుంటోంది.

జమ్మలమడుగు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను ఆటల టీచర్ని. వేసవి సెలవుల్లో ఆడపిల్లలకు కబడ్డీ శిబిరం పెట్టేదాన్ని. మొదట్లో తోడు ఉంటామన్న టీచర్లు ఇద్దరూ బదిలీ అయిపోయారు. మిగిలింది స్కూలు మైదానం, నా విజిల్. పిల్లలు పొద్దున ఆరింటికి వచ్చి తొమ్మిదిన్నర దాకా ఆడితే తర్వాత కడుపులో ఏదో ఒకటి పడాలి. పడకపోతే మర్నాడు రారు. దానికి ఎవర్నో ఒకర్ని అడగాలి. అడగడం నాకు చేతకాదు. మైదానంలో నా కేక రోడ్డు దాకా వినిపిస్తుంది, ఒకరి గడప ముందు నిలబడితే మాత్రం నా మాట నాకే వినపడదు.

మొదటి ఏడాది, శిబిరం పెట్టిన వారానికి ఆయన వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. భుజాన పాత తోలుసంచి. చూపుడువేలు ఆడిస్తూ పిల్లల తలలు లెక్కపెట్టాడు.

"పద్నాలుగు మంది ఉండారు. మొదట్లో ఎంతమంది మా?"

"ఇరవై."

"ఆ ఆరుగురు యాడ దిగిపోయినారు?"

నాకు కోపం వచ్చింది. మీరెవరు అడగడానికి అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. అరుగు మీద కూచోమంటే కూచోకుండా నిలబడే చెప్పాడు.

"ఏడో తరగతి దాక ఆడపిల్లోళ్ళు పాసు మీద ఎక్కుతాంటారు మా. పేర్లు గూడా తెలుస్తాయి. ఎనిమిదికి వచ్చేసరికి ఒక పిల్ల ఎక్కదు. మర్సంవత్సరం ఇంగో పిల్ల ఎక్కదు. ఏమాయె అని అడగడానికి నేనెవర్ని, కండక్టర్ని. రైట్ రైట్ అని పోతాంటి. అదొకటి నాకు శానా ఏండ్లుగా గొంతులో ఉండిపోయింది."

మర్నాడు పులివెందుల బస్సు దిగి రెండు అరటి గెలలు మోసుకొచ్చాడు. లింగాల వైపు తోటల్లో పచ్చి గెలలనే లారీలకెత్తుతారు. చెట్టు మీదే పసుపు తిరిగితే దూరప్రయాణానికి పనికిరాదని పక్కన పడేస్తారు. ఆ పడేసినవి అడిగి తెచ్చాడు. ఆయన మొదటి సూత్రం అది. "మంచిది అడిగితే మనిషి ఆలోచన చేస్తాడు మా. మిగిలింది అడిగితే నవ్వుతా ఇస్తాడు. రెండోసారి పోతే వాడే సిగ్గుపడి మంచిది ఇస్తాడు." అలాగే జరిగింది. రెండో ఏడు ఆ తోటల వాళ్ళే గెలలు పండబెట్టి, గడ్డి చుట్టి బస్సు మీద వేసి పంపారు.

డబ్బు మాత్రం ముట్టేవాడు కాదు. ఎవరైనా జేబులో చెయ్యి పెడితే రెండడుగులు వెనక్కి వేసేవాడు. "దుడ్లు వద్దు లేప్పా. ముప్పై ఏండ్లు ఊరోళ్ళ దుడ్లు మోసినా. చాలు." ఒకప్పుడు టికెట్టు డబ్బులు మోసిన ఆ తోలుసంచిలో ఇప్పుడు దూది, గాయాల మందు, నిమ్మకాయలు, ఉప్పు పొట్లం ఉండేవి. మోకాలు చెక్కుకుపోయిన పిల్ల కనబడితే బొటనవేలు నాలిక్కి తడుపుకుని సంచి తెరిచేవాడు. దూది తీయడానికి వేలు తడుపుకోవడం ఎందుకని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేసినా ఆ అలవాటు పోలేదు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడికి వెళ్ళాం. మేము మెట్లెక్కుతుండగానే యజమాని గట్టిగా అన్నాడు: "నిన్ననే ఇచ్చినాం సామీ, వేరేవాళ్ళకు, శానా ఇచ్చినాం!" కండక్టరప్ప నమస్కారం పెట్టి, మంచినీళ్ళు తాగి, బయటికొచ్చాక నాతో అన్నాడు:

"టికెట్టు లేనోడు నేను అడగకముందే ‘తీసుకున్నా, తీసుకున్నా’ అంటాడు మా. టికెట్టు ఉండేటోడు అడిగినాక జేబులు ఎతుక్కుంటాడు."

"మరి అలాంటివాణ్ణి ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తాం. మొగం చూస్తే తెలుస్తాది, వానికాడ దుడ్లు లేవని. ఇంగొక స్టేజీ పోనిచ్చి అప్పుడు అడిగేటోణ్ణి."

ఆ అంగడికి ఆర్నెల్లు ఆగి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి తువ్వాళ్ళతో వచ్చాడు.

ఇక తట్టలు, అంటే అన్నం తినే పళ్ళేలు. మా వైపు ఎవరైనా పోతే కర్మాంతరం రోజు భోజనాలు పెట్టి, వచ్చినవాళ్ళకు తలా ఒక స్టీలు గిన్నో డబ్బానో ఇచ్చి పంపుతారు. దాని మీద పోయినవాళ్ళ పేరు, పక్కన ‘జ్ఞాపకార్థం’ అని కొట్టిస్తారు. ప్రతి ఇంట్లో అటక మీద అలాంటివి డజను ఉంటాయి. ఆయన కన్ను వాటి మీద పడింది.

చావు జరిగిన ఇంటికి నాలుగో రోజో ఐదో రోజో వెళ్ళేవాడు. నేను వెంట వెళ్ళి మూలన కూచునేదాన్ని. ఆయన ఏమీ అడిగేవాడు కాదు. పోయిన మనిషి బస్సులో ఎలా ఉండేదో చెప్పేవాడు. జమ్మలమడుగులో ఒక ముసలమ్మ పోయినప్పుడు ఆమె కొడుకుతో ఇలా అన్నాడు:

"మీయమ్మ సుబ్బరత్నమ్మ మంగళారం మంగళారం మా బస్సెక్కేది అబ్బీ. గంపలో వంకాయలు. గంపకు టికెట్టు తీసుకో అవ్వా అంటే, ‘గంప నా ఒళ్ళో ఉండాది, నీ బస్సులో యాడుంది’ అని కయ్యానికొచ్చేది. దిగేటప్పుడు మాత్రం రెండు వంకాయలు నా సీట్లో పెట్టిపొయ్యేది."

కొడుకు నవ్వాడు. నవ్వుతూనే కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఆగి, ఆ పిల్లాడి తల నిమిరినట్టు అతని భుజం తట్టి, అప్పుడు అడిగాడు. పిల్లాడేమిటి, అతనికి యాభై దాటాయి.

"గిన్నెలు కొట్టిస్తారు గదా. ఒక అయిదు తట్టలు ఎక్కువ కొట్టియ్యి. మా ఆడపిల్లోళ్ళు బువ్వ తింటారు. అటక మీదుంటే మీయమ్మ పేరు బూజు చదువుతాది. ఆడైతే దినామూ ఒక పిల్ల చదువుతాది."

తట్టలూ వచ్చాయి, ఆ పేరు మీద ఒక పూట భోజనమూ వచ్చింది. అలా నాలుగైదేళ్ళలో మా శిబిరానికి కావలసిన పళ్ళేలన్నీ పోయినవాళ్ళే ఇచ్చారు. పిల్లలు వరసలో నిలబడి తట్ట తీసుకుని ముందు పేరు చదువుకునేవాళ్ళు. "నాకు ఈ పొద్దు సుబ్బరత్నమ్మవ్వ వచ్చింది" అని ఒకతి, "నాకు మళ్ళీ ఆ మీసాల తాతే" అని ఇంకొకతి. ఎవరి పేరు వస్తే వాళ్ళ కథ ఆయన చెప్పాలి. ఎక్కడ ఎక్కేవాళ్ళు, ఏ సీటు, చిల్లర దగ్గర ఎలా పోట్లాడేవాళ్ళు, అన్నీ. చదవడానికి బద్ధకించే పిల్లలు కూడా తట్టలు చదివేవాళ్ళు.

ఆ పిల్లల్లో గంగాదేవి అని గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల ఉండేది. ప్రొద్దుటూరు రోడ్డులో జమ్మలమడుగుకు రెండు స్టేజీల ఇవతలి ఊరు. కూతకు వెళ్ళిందంటే ముగ్గురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చేది. అంత ఆట నా సర్వీసులో ఇంకో పిల్లలో చూడలేదు. ఒకరోజు అది తట్ట మీద పేరు చదివి, దాన్ని నేల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"ఏంది పాపా?"

"ఈయప్ప తట్టలో నేను తినకూడదంట. వీళ్ళు మా పార్టీ పక్క కాదంట. మా పెద్దనాయన చెప్పినాడు."

నేను తిట్టబోయాను. ఆయన కంటితోనే ఆపి, ఆ తట్ట తీసుకుని, తన చేతిలో ఉన్నది పిల్లకిచ్చాడు. ఆ రోజు నుంచి ఆ పేరున్న తట్ట ఆయనదే అయింది, వేరే దాంట్లో తినగా చూడలేదు. తిన్నాక తనే కడుక్కుని అన్నిటికన్నా అడుగున పెట్టేవాడు.

"మరి నీ పేరు యాడ కండక్టరప్పా?" అని ఆ గంగే అడిగింది ఒకసారి, తట్టలన్నీ తిరగేసి.

"నేనింగా దిగలేదు గదా పాపా" అన్నాడాయన.

అంతా చూసి కూడా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. ఆయన జ్వరంతో పది రోజులు రాలేదు. సరే, నేనూ అడగగలనని నిరూపించుకుందామనిపించింది. మా స్కూలు దగ్గర ఒక చిన్న నాయకుడి ఇంటికి వెళ్ళి, పిల్లలకు టీషర్టులు కావాలన్నాను. ఆయన క్షణం ఆలోచించకుండా ఒక మూట ఇప్పించాడు. ఎన్నికలకు కుట్టించగా మిగిలినవి. గుర్తు లేదు, బొమ్మ లేదు, ఒట్టి రంగే. మొదటిసారి అడిగాను, మొదటిసారే వచ్చాయి. ఆ సాయంత్రం నా నడకే వేరు. రంగు గురించి నాకు తోచనే లేదంటే ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషినని ఎవరైనా నమ్ముతారా?

మర్నాడు తొమ్మిదిమంది రాలేదు. గంగ రాలేదు. వాళ్ళ నాయన మాత్రం వచ్చి గోడ అవతలే నిలబడి, టీషర్టు మడత పెట్టి గోడ మీద ఉంచాడు.

"మా పాప ఈ రంగు తొడుక్కోని మా ఊర్లో బస్సు దిగితే, మేము ఆ ఊర్లో బతకల్లనా వద్దా మేడం?"

జ్వరం తగ్గి వచ్చిన కండక్టరప్ప అంతా విన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. టీషర్టులన్నీ పోగేసి మూటకట్టాడు.

"తిరిగి ఇచ్చేద్దామా అప్పా?"

"ఇచ్చినోనికి తిరిగిస్తే అదొక కయ్యం. నూలుబట్టే గదా. ఉతికితే పోదు గానీ ఇంగో రంగు ఎయ్యొచ్చు."

ప్రొద్దుటూరులో మగ్గాలకు నూలు రంగులద్దే ముసలాయన ఒకాయన ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు నూలు కట్టలు బస్సు మీద వేసుకుని తిరిగిన మనిషే. కాగే నీళ్ళలో ముంచి తీస్తే ఏ పక్కకూ చెందని ఒక రంగు తేలింది. అక్కడక్కడా మచ్చలు. పిల్లలు బెల్లం రంగన్నారు. గంగ మళ్ళీ వచ్చింది, తొడుక్కుంది, ఆ ఏడు మండలం పోటీల్లో మమ్మల్ని అందరూ బెల్లం జట్టనే పిలిచారు. టీషర్టులు ఇచ్చినాయన మనుషులు వచ్చి మావి యాడ అని అడిగితే కండక్టరప్ప ముఖం చాలా అమాయకంగా పెట్టి, "తొడుక్కున్నారు గదప్పా, ఎండకు కొంచెం ముదిరినాయి" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు వెళ్ళాను.

రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. ప్రొద్దుటూరులో కూతురింట్లో మంచాన ఉండిపోయాడు. ఆ ఏడాది పాత పరిచయాల మీద ఎలాగో నెట్టుకొచ్చాను. పోయిన వేసవిలో శిబిరం పెట్టలేదు. ఎండలు ఎక్కువని పేపర్లో వచ్చింది, అది నాకు బాగా అనుకూలంగా తోచింది. హెడ్మాస్టరు మారాడు, నీళ్ళ ట్యాంకు పగిలింది, నా మోకాలు నొప్పి. కారణాలకేం, వెతికితే గంపెడు దొరుకుతాయి. నిజం ఏమిటంటే అన్ని గడపలు ఒక్కదాన్నే ఎక్కలేకపోయాను. విసిగిపోయాను. తట్టలు స్టోరు గదిలో గొళ్ళెం వెనక ఉండిపోయాయి. గంగ చదువు మానేసి గొర్రెల వెంట పోతోందని తెలిసింది. బస్సులో పోతూ రెండుసార్లు రోడ్డు పక్కన చూశాను కూడా, చేతిలో కట్టెతో. రెండుసార్లూ మొహం ఇటు తిప్పుకున్నాను.

ఆ మే నెలలో ఆయన ఫోన్ చేశాడు. మాట ముద్దగా వస్తోంది.

"బాగుండావా మా?"

"బాగున్నానప్పా. శిబిరం జరుగుతోంది. ఇరవై రెండు మంది వచ్చారు" అన్నాను గబగబా.

"శానా మంచిది మా" అని పెట్టేశాడు. అదే ఆఖరు మాట. తర్వాత చూడ్డానికి వెళ్దామని చాలాసార్లు అనుకున్నాను. వెళితే ఆ ఇరవై రెండు మంది గురించి అడుగుతాడని వెళ్ళలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాయకపోతే ఆయన గురించి రాయడం దేనికి?

కర్మాంతరానికి వెళ్ళాను. సందులో షామియానా వేశారు. భోజనాలయ్యాక వెళ్ళేవాళ్ళ చేతుల్లో గిన్నెలు లేవు. ఒకావిడ పక్కావిడతో, "ఊరందరి తట్టలు అడుక్కున్నాడు, ఆయప్పకు ఒక గిన్నె కొట్టియ్యలేదే" అంటోంది. నేను చెప్పులు వేసుకుంటుంటే కూతురు వచ్చి ఒక గోనెసంచి నా ముందు పెట్టింది. లోపల కొత్త స్టీలు.

"ఇరవై రెండు తట్టలు మేడం. ఎవురికీ ఏమీ పంచొద్దు, ఇవి మాత్రం టీచరమ్మకు ఇయ్యి అన్నాడు. మీరు ఫోన్లో మాట్లాడిన పొద్దే చెప్పినాడు."

ఒకటి బయటికి తీశాను. పేరు లేదు. అంచు మీద ‘కండక్టరు’ అని ఒక్క మాట. జ్ఞాపకార్థం అని కూడా లేదు.

"పేరు వద్దన్నాడు మా నాయన. పేరు కొడితే ఏ కులమో, ఏ పక్కో తెలుస్తాదంట. ఏ పిల్లో తట్ట కింద పెట్టేస్తాదంట."

నేను తల ఊపాను. ఆమె ఇంకో మాట అంది, అది తనకే అర్థం కానట్టు.

"ఆ పొద్దు ఫోను పెట్టేసి శానాసేపు నవ్వినాడు మేడం. ‘నేను అడగనే లేదు, ఇరవై రెండు అనింది టీచరమ్మ’ అని. నవ్వినాక ఇవి కొట్టియ్యమన్నాడు."

అప్పుడొచ్చింది ఏడుపు. సందులో, చెప్పుల గుట్ట పక్కన, చేతిలో తట్టతో నిలబడి ఏడ్చాను. పాపం, మోసపోయి ఇచ్చాడనుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చేశాడు. నా దగ్గర టికెట్టు లేదని తెలుసు. ఒక స్టేజీ పోనిచ్చి ఇప్పుడు అడుగుతున్నాడు.

ప్రొద్దుటూరు బస్టాండులో బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు ఊరికే. అయినా మిషన్లోంచి సున్నా అని వేసిన కాగితం వస్తుంది. కుర్ర కండక్టరు అది నా చేతిలో పెట్టి సంచి వైపు చూశాడు.

"ఏమున్నాయి మేడం అందులో?"

"తట్టలు."

"శానా ఉండాయే. ఎంతమందికి?"

నోటి దాకా వచ్చిన అంకె మింగాను. "ఇంకా తెలీదు" అన్నాను.

గంగ వాళ్ళ ఊరు వస్తుండగా లేచి, కమ్మీకి నడుము ఆనించి నిలబడ్డాను. "జమ్మలమడుగు టికెట్టు గదా మీది" అన్నాడు కండక్టరు. "ఈడ దిగల్ల" అన్నాను. గోనెసంచి ఈడ్చుకుంటూ దిగాను. గంగ వాళ్ళ నాయన రోడ్డు పక్కనే గొర్రెలకు తొట్టిలో నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి చేయి ఆపాడు. ఏమీ అడగకుండా ఒక తట్ట తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పేరు కోసం.

"కండక్టరప్పదా మేడం?"

"ఆయనదే. పోయాడు."

గంగ నాయన తట్టను పంచె కొంగుతో తుడిచాడు, అది శుభ్రంగానే ఉన్నా. "నేను మా నాయన పీనుగును ఆస్పత్రి నుంచి తెచ్చుకునేటప్పుడు బస్సులో వెనక సీట్లన్నీ ఖాళీ చేయించినాడు" అన్నాడు. ఆ తర్వాత ఇంటి వైపు తిరిగి, "గంగా, ఈడికి రా పాపా" అని పిలిచాడు.

సంచి మూతి మళ్ళీ కట్టాను. ఒక తట్ట తీసినందుకు బరువేమీ తగ్గలేదు. ఇంకా ఇరవై ఒక్క గడపలు ఉన్నాయి.